వాన పడలేదు, టెంట్ తడిసింది. బ్యాగ్ మందంగానే ఉంది, వణుకు ఆగలేదు

మీరు చెప్పింది క్లుప్తంగా ఇదీ. నలుగురు స్నేహితులు, 9 కిలోమీటర్ల నడక, సుమారు 750 మీటర్ల ఎక్కుడు, పైన ఒక రాత్రి బస. మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరి, చీకటి పడ్డాక చేరారు. వాగు పక్కన చదునుగా ఉన్న పచ్చిక చూసి, ఇద్దరేసి పట్టే టెంట్లు రెండు వేశారు. ఫోన్‌లో వాతావరణ సూచన ఆ రాత్రికి 12 డిగ్రీలని చూపించింది. స్లీపింగ్ బ్యాగుల మీద 5 డిగ్రీలని రాసి ఉంది. అయినా తెల్లవార్లూ వణికారు. చినుకు కూడా పడలేదు గానీ, పొద్దున లేచేసరికి టెంట్ లోపలి గోడల మీద నీళ్లు కారుతున్నాయి, బ్యాగుల కాళ్లవైపు తడిసి ఉంది. భుజాలు ఒరుసుకుపోయాయి, ఒకరికి రెండు మడమల మీదా బొబ్బలు. ఇప్పుడు ఇంతకంటే మందమైన స్లీపింగ్ బ్యాగులు, వేరే కంపెనీ టెంట్లు కొనాలా అన్నది మీ ప్రశ్న.

వద్దు. మీరు కొనాల్సింది ఏదైనా ఉంటే ఒక్కొక్కరికి ఒక మ్యాట్ మాత్రమే. మిగతా సామాను మీకు సరిపోతుంది. ఆ రాత్రి మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది మీరు చేరిన వేళ, పడుకున్న చోటు, కింద పరుచుకున్నది. చలి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు తగలేసేది అక్కడే.

వాతావరణ సూచనలో కనిపించిన 12 డిగ్రీలు కొండ కింద ఉన్న ఊరివి. 1000 మీటర్లు పైకి పోతే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. మీరు 750 మీటర్లు ఎక్కారు, అంటే దాదాపు 5 డిగ్రీలు తగ్గించుకోవాలి. అక్కడికే 7. పైగా మీరు పడుకున్నది వాగు పక్క పల్లంలో. రాత్రిపూట చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారి పల్లాల్లో నిలుస్తుంది, నీళ్లు నిలిచినట్టే. ఆకాశం నిర్మలంగా, గాలి కదలకుండా ఉన్న రాత్రి పల్లం అడుగుకూ, పక్కనే పది పదిహేను మీటర్ల ఎత్తున్న గట్టుకూ రెండు మూడు డిగ్రీల తేడా ఉండటం మామూలే. కాబట్టి మీరు నిజంగా పడుకున్నది 5 డిగ్రీల దగ్గర.

ఇక బ్యాగ్ మీది 5 డిగ్రీలు. స్లీపింగ్ బ్యాగులను ఐఎస్‌ఓ 23537 అనే ప్రమాణం ప్రకారం, వేడి పుట్టించే మనిషి బొమ్మను లోపల పెట్టి పరీక్షిస్తారు. లేబుల్ మీద మూడు అంకెలు వస్తాయి. మొదటిది కంఫర్ట్, అంటే చలికి తొందరగా లొంగే మనిషి కూడా కాళ్లు చాపుకుని హాయిగా నిద్రపోగలిగే ఉష్ణోగ్రత. రెండోది లిమిట్, ముడుచుకుని పడుకుంటే వణుకు రాకుండా రాత్రి గట్టెక్కేది. మూడోది ఎక్స్‌ట్రీమ్, అది ప్రాణం మీదికి వచ్చే అంచు. దాన్ని చూసి ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. సంచి మీద పెద్ద అక్షరాలతో ఉండేది తరచు లిమిట్. కంఫర్ట్ దానికి దాదాపు 5 డిగ్రీలు పైన ఉంటుంది. లోపల కుట్టిన చిన్న లేబుల్ చూడండి, మీ బ్యాగ్ కంఫర్ట్ 10 దగ్గర ఉంటుందని నా అంచనా. మీ బ్యాగ్ మోసం చేయలేదు, మీరు దాన్ని దాని చివరి గీత మీద వాడారు.

ఇంకొకటుంది, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆ పరీక్షలో బొమ్మను మ్యాట్ మీద పడుకోబెడతారు. మీరు పరిచింది పల్చటి ప్లాస్టిక్ పట్టా. బ్యాగులో వెచ్చదనం ఇచ్చేది దూది కాదు, దూది పోగుల మధ్య చిక్కుకున్న గాలి. మీ ఒంటి కిందపడి నలిగిన భాగంలో ఆ గాలి ఉండదు, కాబట్టి వీపు కింద, తుంటి కింద బ్యాగ్ ఉన్నా లేనట్టే. అక్కడినుంచి ఒంటి వేడి నేరుగా నేలలోకి దిగిపోతుంది. నేల ఎంత తాగినా నిండదు. రాత్రి ఎక్కడ చలేసిందో గుర్తు తెచ్చుకోండి. పక్కకు తిరిగినప్పుడల్లా భుజమూ తుంటీ చల్లబడి మళ్లీ తిరగాల్సి వచ్చిందంటే చలి కిందినుంచి వచ్చింది. ఛాతీ, మోకాళ్ల మీద చలేసిందంటే బ్యాగ్ చాలలేదు. ఎంత మందమైన బ్యాగ్ కొన్నా మొదటి రకం చలి తగ్గదు.

మ్యాట్‌ల మీద ఆర్ వాల్యూ అని ఒక అంకె ఉంటుంది, వేడిని కిందికి పోనివ్వకుండా ఎంత అడ్డుకుంటుందో చెప్పేది. ఉత్త గాలి దిండు లాంటి పరుపుకు 1 దగ్గర, ముడతలు ముడతలుగా మడిచే ఫోమ్ మ్యాట్‌కు 2 దగ్గర ఉంటుంది. రాత్రి 10 డిగ్రీల దాకా దిగే చోట 2 చాలు. సున్నాకు దగ్గరయ్యే చోట 3 నుంచి 4 కావాలి. మంచు మీద పడుకునేవాళ్లకు 5 పైన. ఒకదానిమీద ఒకటి వేస్తే అంకెలు కలుస్తాయి, 2 ఉన్న ఫోమ్ మీద 1 ఉన్న గాలి పరుపు వేస్తే 3. మొదటిసారి కొనేవాళ్లకు నేను ఫోమ్ మ్యాటే చెబుతాను. ముల్లు గుచ్చుకున్నా గాలి పోదు, వీపుకు తగిలించుకునే బ్యాగ్ బయట కట్టుకోవచ్చు, దారిలో కూర్చోవడానికీ పనికొస్తుంది. గాలి పరుపు మెత్తగా ఉంటుంది నిజమే, కానీ అర్ధరాత్రి చిల్లు పడితే ఆర్ వాల్యూ ఒక్కసారిగా సున్నా.

స్లీపింగ్ బ్యాగ్ వేడి పుట్టించదు, మీ వేడిని దాచిపెడుతుంది, అంతే. చల్లబడిన ఒంటితో దూరితే చల్లగానే ఉంచుతుంది. అందుకని పడుకునే ముందు పని ఉంది. టెంట్ వేయగానే బ్యాగును సంచిలోంచి తీసి దులిపి పరిచేయండి, దూది పొంగడానికి అరగంట పడుతుంది. పగలు వేసుకున్న బట్టలు, బనియను, సాక్సులతో సహా మార్చేయండి. పొడిగా ఉన్నట్టే అనిపిస్తాయి గానీ చెమట చెమ్మ వాటిలో ఉంటుంది, అది ఆరడానికి మీ ఒంటి వేడే ఖర్చవుతుంది. నిద్రకు మాత్రమే అని ఒక జత బట్టలు, ఒక జత సాక్సులు, ఒక టోపీ విడిగా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి. పగటి బట్టలకు ఎంత చెమ్మ పట్టినా ఈ జతను సంచిలోంచి తీయొద్దు. నూనె, గింజలు ఉన్నదేదైనా తిని పడుకుంటే అరుగుదల వేడి చాలాసేపు అందుతుంది. దూరబోయే ముందు ఇరవై ముప్పై గుంజీలు తీయండి, చెమట పట్టేదాకా మాత్రం వద్దు. వేడినీళ్లు తట్టుకునే సీసా ఉంటే మూత గట్టిగా బిగించి, తలకిందులు చేసి కారట్లేదని చూసి, సాక్సులో దోపి తొడల మధ్య పెట్టుకోండి. పాదాల దగ్గర కంటే అక్కడ మేలు, పెద్ద రక్తనాళాలు అక్కడే పోతాయి.

చాలామంది చేసే రెండు తప్పులు కూడా చెప్పాలి. చలేస్తోందని ఉన్న బట్టలన్నీ తొడుక్కుని బ్యాగులో దూరతారు. బ్యాగ్ ఇరుకైతే ఆ బట్టలు దూదిని లోపలినుంచి నొక్కేస్తాయి, ఇంకా చలేస్తుంది. జాకెట్ తొడుక్కునే బదులు బ్యాగ్ మీద కప్పుకోండి. రెండోది, తల లోపలికి లాక్కుని ఊపిరి బ్యాగులోనే వదలడం. పది నిమిషాలు వెచ్చగా ఉంటుంది, తర్వాత ఊపిరి చెమ్మంతా దూదికి పట్టి తెల్లవారుజామున దెబ్బ కొడుతుంది. ముక్కూ నోరూ బయట ఉంచి, మెడ చుట్టూ తాడు లాగి బిగించుకోండి. మూత్రం వస్తున్నా చలికి బయటికి పోలేక బిగపట్టుకుంటే నిద్ర పట్టదు, లేచి వెళ్లి రావడమే దారి.

ఇప్పుడు తడి సంగతి. ఆ నీళ్లు మీవే. నిద్రలో ఊపిరి నుంచి, చర్మం నుంచి ఒక్కో మనిషి రాత్రికి దాదాపు పావు లీటరు నీటిని ఆవిరిగా వదులుతాడు. ఒక్కో టెంట్‌లో ఇద్దరు కాబట్టి అర లీటరు. తడి సాక్సులు, చెమట పట్టిన చొక్కాలు లోపల ఆరేశామన్నారు, అది ఇంకొంత. చలేస్తోందని జిప్పులన్నీ పైదాకా వేసి గాలి రంధ్రాలు కూడా మూసేశారు. ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? నిర్మలమైన ఆకాశం కింద టెంట్ పైగుడ్డ, అంటే రెయిన్ ఫ్లై, తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. ఆరుబయట నిలిపిన బండి సీటు మీద పొద్దున్నే మంచు పట్టి ఉండేది ఇందుకే. లోపలి ఆవిరి ఆ చల్లటి గుడ్డకు తగిలి నీళ్లవుతుంది. వాగు పక్క గాలిలో చెమ్మ ముందే ఎక్కువ, పచ్చిక కూడా చెమ్మ వదులుతుంది. మీరు ఎంచుకున్న చోటుకు ఎంత ఖరీదైన టెంట్ తెచ్చినా పొద్దున్నే చుక్కలు కారేవి.

ఇది చెమ్మా, లేక టెంట్ కారిందా అని ముందు తేల్చుకోండి, రెండింటికీ మందు వేరు. ఫ్లై లోపలివైపు అంతటా సన్నటి చుక్కలు సమానంగా పట్టి ఉంటే చెమ్మ. కుట్ల గీతల వెంట, మూలల్లో మాత్రమే తడి ఉంటే కుట్టు కారుతోంది, కుట్ల రంధ్రాలు మూసే జిగురు, అంటే సీమ్ సీలర్, పూసుకోవాలి. మ్యాట్ కింద మాత్రమే తడి ఉంటే నేల చెమ్మ గుడ్డలోంచి పైకి వచ్చి ఉండొచ్చు, లేదా చల్లటి నేల గుడ్డమీద లోపలి ఆవిరే నీరై ఉండొచ్చు. ఆ గుడ్డ మీద చెయ్యి పెట్టి గట్టిగా నొక్కండి, అరచేతి కింద కొత్తగా చెమ్మ ఊరితే గుడ్డ పూత పోయింది. మీ వర్ణన ప్రకారం మీది అచ్చంగా మొదటి రకం.

మందు గాలి. పైనున్న రంధ్రాలు రాత్రంతా తెరిచి ఉంచండి, కింద గుమ్మం జిప్పు కూడా ఒక జానెడు తెరిచిపెట్టండి. కిందినుంచి చల్లగాలి వచ్చి, పైనుంచి ఆవిరి పోవాలి, రెండు చోట్లా దారి ఉంటేనే అది జరుగుతుంది. లోపల ఒకటి రెండు డిగ్రీలు తగ్గొచ్చు, పర్లేదు. పొడిగా ఉన్న బ్యాగులో మనిషి, తడిసిన బ్యాగులో కంటే ఎంతో వెచ్చగా ఉంటాడు. లోపలి గుడారానికీ ఫ్లైకీ మధ్య అన్ని వైపులా గుప్పెడు ఖాళీ ఉండేలా తాళ్లు లాగి కట్టాలి. రెండూ ఎక్కడ అంటుకుంటే అక్కడ నీళ్లు లోపలికి వస్తాయి, మీ బ్యాగుల కాళ్లవైపు తడిసింది కూడా అలాగే అయ్యుండాలి, పాదాలు గోడకు తగిలి గోడ ఫ్లైని అంటింది. నైలాన్ గుడ్డ చెమ్మకు సాగుతుంది, సాయంత్రం బిగుతుగా కట్టింది అర్ధరాత్రికి వదులవుతుంది. పడుకోబోయే ముందు ఒకసారి చుట్టూ తిరిగి తాళ్లు బిగించండి. బ్యాగ్ కాళ్లవైపు రెయిన్ జాకెట్ కప్పితే గోడ తగిలినా తడవదు. తడిబట్టలు, బూట్లు గుమ్మం ముందు ఫ్లై కింద ఉండే చిన్న వసారాలో పెట్టండి. పొద్దున తుడవడానికి చిన్న గుడ్డముక్క ఒకటి చేతికందేలా ఉంచుకోండి, నాలుగు నిమిషాల్లో పని అయిపోతుంది.

చలికీ తడికీ ఒకే మంచి చోటు. పల్లం అడుగు కాకుండా, శిఖరం కాకుండా, మధ్యలో కొంచెం ఎత్తైన గట్టు. వాగుకు కనీసం 60 మీటర్లు, అంటే పెద్దవాళ్ల అడుగుల్లో 80 దాకా, దూరం. నీళ్లు పాడవకుండా ఉండటానికీ ఇదే దూరం కావాలి. చెట్టు నీడ పగలే కాదు, రాత్రి కూడా పనికొస్తుంది, కొమ్మలు ఆకాశాన్ని కప్పేసి ఫ్లై చల్లబడకుండా ఆపుతాయి, మంచు తక్కువ పడుతుంది. కానీ తల పైకెత్తి చూడండి. ఎండిన కొమ్మ వేలాడుతున్నా, చెట్టు ఒరిగి ఉన్నా ఆ చోటు వద్దు. ఎండిపోయిన వాగు ఇసుక మెత్తగా ఊరిస్తుంది, అక్కడ ఎన్నడూ పడుకోకండి, ఎగువన ఎక్కడో పడిన వాన మీకు తెలియకుండా రాత్రికి రాత్రి దిగివస్తుంది. ఉరుము వినబడే కాలంలో గుట్ట కొన మీదా, మైదానం మధ్య ఒంటరి చెట్టు కిందా బస పనికిరాదు. టెంట్ వేసే ముందు పట్టా పరిచి దానిమీద ఐదు నిమిషాలు పడుకుని చూడండి. నిలబడితే కనిపించని వాలు, వీపు కింది రాయి అప్పుడే తెలుస్తాయి. కొద్దిపాటి వాలు తప్పదంటే తల ఎత్తువైపు పెట్టండి.

మేకు తలను టెంట్ నుంచి బయటికి వాల్చి, మొన టెంట్ వైపు ఉండేలా దిగ్గొట్టండి. చాలామంది తిరగేసి కొడతారు, గాలి లాగేసరికి ఊడి వస్తుంది. నేల మెత్తగా ఉంటే మేకు మీద రాయి పెట్టండి. రాతినేల అయితే తాడును కర్రముక్కకు కట్టి దానిమీద పెద్ద రాళ్లు పేర్చండి. కింద పరిచే పట్టా టెంట్ అడుగుకంటే నాలుగు వేళ్లు లోపలికి ఉండేలా మడవండి. బయటికి కనిపించిందంటే ఫ్లై మీంచి జారిన నీళ్లన్నీ దానిమీద పడి మీ అడుగునే మడుగు కడతాయి. మీరు పరిచిన పట్టా పెద్దదన్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. వాన వచ్చి ఉంటే ఆ రాత్రి ఇంకా ఘోరంగా ఉండేది.

ఇవన్నీ చీకట్లో, ఆకలితో, టార్చి పళ్లతో పట్టుకుని చేయలేరు. అందుకే మీ అసలు తప్పు ఒంటిగంటకు బయల్దేరడం అంటాను. నడకకు పట్టే సమయానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. ప్రతి 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. మీ దారికి 9 కిలోమీటర్లంటే గంటా నలభై ఎనిమిది నిమిషాలు, 750 మీటర్లకు గంటంబావు. మొత్తం మూడు గంటలు. కానీ అది అలవాటున్న, బరువు లేని మనిషి లెక్క, ఆగకుండా నడిస్తే. బరువుతో ఉన్న కొత్తవాళ్లు దానికి సగం కలుపుకోవాలి. నాలుగున్నర గంటలు. మధ్యలో ఆగడాలు, తినడాలు, ఫొటోలు కలిపి ముప్పావు గంట. ఐదుంబావు గంటలు. టెంట్, నీళ్లు, వంట వెలుతురులో అవ్వాలంటే సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు చేరాలి. ఆరింటికి పొద్దుగూకే రోజున నాలుగింటికి. అంటే పదీ ముప్పావుకల్లా నడక మొదలవ్వాలి. పదింటికైతే ఇంకా మంచిది, ఎవరికో ఒకరికి బూటు కరవడం, దారి ఒకసారి తప్పడం ఎలాగూ ఉంటాయి.

వేగం విషయంలో ఒక్కటే నియమం, అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుండాలి. వేగంగా నడిచేవాళ్లు ముందుంటే మలుపు మలుపుకూ ఆగి వెనకవాళ్ల కోసం చూస్తారు. వెనకవాళ్లు రొప్పుతూ చేరేసరికి వీళ్ల విశ్రాంతి అయిపోయి లేస్తారు. అలసినవాళ్లకే విశ్రాంతి ఉండదు, జట్టు మొత్తం వేగం పడిపోతుంది. మాట్లాడుకుంటూ నడవగలిగిన వేగమే సరైన వేగం. వెనుదిరగాల్సిన వేళ కూడా బయల్దేరే ముందే అనుకోండి. ఉదాహరణకు మూడింటికల్లా మూడొంతుల్లో రెండొంతుల దారి దాటకపోతే ఉన్నచోటే బస, లేదా వెనక్కి. అలసిపోయాక తీసుకునే నిర్ణయాలు మంచివి కావు, అందుకే ముందే తీసుకోవాలి.

భుజాలు ఒరుసుకుపోవడానికి వీపు మీది బ్యాగ్ బరువు సగం కారణం, కట్టుకున్న తీరు సగం. రాత్రి బస ఉన్న నడకకు బ్యాగ్ మొత్తం, నీళ్లతో సహా, మీ ఒంటి బరువులో ఐదో వంతు మించకూడదు. 60 కిలోల మనిషికి 12 కిలోలు గరిష్ఠం. ఒక్క రాత్రికి 9 దగ్గర ఆపొచ్చు. ఇంట్లో తూచండి, చేత్తో ఎత్తి అంచనా వేయొద్దు. మీ చిట్టా చూస్తే ఒక్కొక్కరు ఒక్కో టార్చి కాక ఇంకో పెద్ద దీపం, రెండేసి జతల జీన్స్, పెద్ద స్పీకర్ మోశారు. జీన్స్ బరువు, తడిస్తే రోజంతా ఆరదు, ఒంటిని చల్లబరుస్తుంది, అది నడకకు పనికిరాదు. టెంట్‌ను ఒకరే మోయక్కర్లేదు, కడ్డీలూ మేకులూ ఒకరికి, గుడ్డ ఒకరికి పంచండి.

ఇక కట్టుకోవడం. ముందు పట్టీలన్నీ వదులు చేయండి. బ్యాగ్ తగిలించుకుని కొంచెం ముందుకు వంగి, నడుం పట్టీ తుంటి ఎముక పై అంచు మీద కూర్చునేలా పెట్టి మొదట దాన్ని బిగించండి. పొట్ట మీద కాదు, ఎముక మీద. తర్వాత భుజం పట్టీలు, ఒంటికి ఆనుకునేంత వరకే లాగండి. భుజాల పైనుంచి బ్యాగ్ తలవైపు పోయే చిన్న పట్టీలు ఆపైన, అవి ఏటవాలుగా ఉండాలి, బ్యాగ్‌ను వీపువైపు లాగుతాయి. చివర ఛాతీ పట్టీ, ఊపిరికి అడ్డం రాకుండా. సరిగ్గా కుదిరితే బరువులో ఎక్కువ భాగం నడుం మీద ఉంటుంది, భుజం పట్టీ కింద రెండు వేళ్లు దూరతాయి. నడుం పట్టీ ఎముక మీదికి రాక పొట్ట మీదే ఉండిపోతోందంటే బ్యాగ్ మీ వీపుకు పొట్టిది. తల వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి, తుంటి ఎముకల పై అంచులను కలిపే గీత దాకా ఉన్నది మీ వీపు కొలత. బ్యాగ్ కొనేటప్పుడు లీటర్ల కంటే ముందు ఈ కొలత చూడాలి.

సర్దడంలో స్లీపింగ్ బ్యాగ్ అడుగున. బరువైనవి, నీళ్లు, తిండి, పొయ్యి వీపుకు ఆనించి మధ్య ఎత్తులో. అవి వీపుకు దూరంగా బయటివైపు ఉంటే మిమ్మల్ని వెనక్కి లాగుతాయి, ఆ లాగుడును భుజాలు మోస్తాయి. మీకు జరిగింది ఇదేనని అనుకుంటున్నాను, నీళ్ల సీసాలన్నీ వెనక జేబులో పెట్టామన్నారు కదా. రెయిన్ జాకెట్, టార్చి, మందుల సంచి పైన. బ్యాగ్ మీద వేసే వానతొడుగును నమ్ముకోకండి, వీపువైపు నీళ్లు దిగుతాయి. లోపల మందపాటి పెద్ద ప్లాస్టిక్ సంచి వేసి అందులో బట్టలూ స్లీపింగ్ బ్యాగూ పెట్టి మెలిపెట్టి మూయండి, అంతకంటే నమ్మకమైనది లేదు.

బొబ్బలకు కారణం రాపిడి, చెమ్మ, వేడి కలవడం. నూలు సాక్సులు చెమటను పట్టి ఉంచుతాయి, ఉన్నివి గానీ సింథటిక్‌వి గానీ వేసుకోండి, కింద పల్చటి జత ఇంకొకటి ఉంటే రాపిడి చర్మానికి కాక రెండు సాక్సుల మధ్య జరుగుతుంది. నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది, అందుకని బూట్లు సాయంత్రం పూట, నడక సాక్సులతోనే వేసి చూసి కొనాలి, వేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ మీద బొబ్బలు వచ్చాయంటే మడమ పైకీ కిందికీ జారుతోంది. పైనున్న చివరి రెండు రంధ్రాల్లో లేసును అదే వైపు దూర్చి చిన్న ఉచ్చులా చేసి, ఎదుటి లేసును అందులోంచి పోనిచ్చి లాగితే చీలమండ దగ్గర బిగుసుకుంటుంది, వేళ్ల దగ్గర వదులుగానే ఉంటుంది. దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకోకుండా కూడా ఇది కాపాడుతుంది. గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి.

అసలైన జాగ్రత్త ఏమిటంటే, చురుక్కుమన్న మొదటి నిమిషంలోనే ఆగడం. జట్టు ఆగాల్సి వస్తుందని మొహమాటపడి అరగంట భరించినవాళ్లకే బొబ్బలెక్కుతాయి. బూటు విప్పి, తుడిచి, ఆరనిచ్చి, అక్కడ అంటుకునే మెడికల్ టేపు ముడత లేకుండా వేయండి, మూలలు గుండ్రంగా కత్తిరిస్తే ఊడదు. బొబ్బ వచ్చేసినా చిన్నదైతే చిదమకండి, చుట్టూ మెత్త పెట్టి వదిలేయండి. నడవనివ్వనంత పెద్దదైతే స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచున గుచ్చి నీరు తీసి, పైచర్మాన్ని మాత్రం అలాగే ఉంచి కట్టు కట్టండి. ఆ చర్మమే దానికి మంచి కట్టు. డయాబెటిస్ ఉన్నవాళ్లు గుచ్చుకోవద్దు.

నీళ్ల గురించి మీరు అడగలేదు గానీ ఒక్కొక్కరు లీటరే తీసుకెళ్లామన్నారు. నడకలో గంటకు అర లీటరు లెక్క, ఎండ ఎక్కువైతే ఇంకా కావాలి. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా మరిగించాలి, బుడగలు తెర్లాక ఒక నిమిషం, 2000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. క్లోరిన్ బిళ్లలైతే డబ్బా మీద రాసినంతసేపు, సాధారణంగా అరగంట, ఆగాలి. బురదనీళ్లయితే ముందు గుడ్డతో వడకట్టండి, బురదలో క్లోరిన్ సరిగా పనిచేయదు. చెమట బాగా పట్టిన రోజు ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగకుండా మధ్యమధ్యలో ఉప్పగా ఏదైనా తినండి, ఒంట్లో సోడియం మరీ పలచబడితే తలనొప్పి, వాంతి, మగత వస్తాయి. దాన్ని దాహమనుకుని ఇంకా నీళ్లు తాగిస్తే ప్రమాదం.

మీ మాటల్లో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఒక్క వాక్యం. చలికి తట్టుకోలేక గ్యాస్ పొయ్యి టెంట్ లోపల వెలిగించి కాసేపు కాచుకున్నామన్నారు. దయచేసి మళ్లీ ఎప్పుడూ అలా చేయొద్దు. మూసిన చోట మండే మంట కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, నిద్రమత్తు అనిపిస్తుంది, అలసటే అనుకుని పడుకుంటారు, లేవరు. బొగ్గుల కుంపటి ఇంకా ప్రమాదం, ఆరిపోయినట్టు కనిపించినా ఆ గ్యాస్ వదులుతూనే ఉంటుంది. వసారాలో వండినా గుమ్మం పూర్తిగా తెరిచి ఉండాలి, నైలాన్ గుడ్డ క్షణాల్లో అంటుకుంటుంది. వంట టెంట్‌కు నాలుగైదు మీటర్ల దూరంలో, గాలి వాలు చూసి పెట్టుకోండి. చలికి పొయ్యి సరిగా మండలేదన్నది కూడా ఇక్కడే చెబుతాను. డబ్బాలో ఉత్త బ్యూటేన్ ఉంటే సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరి కావడం మానేస్తుంది, ఐదారు డిగ్రీల్లోనే మంట నీరసిస్తుంది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన డబ్బా తీసుకోండి, వాడే ముందు జాకెట్ లోపల పావుగంట పెట్టుకుని వెచ్చబరచండి, మంటతో మాత్రం వెచ్చబరచకండి.

మళ్లీ వెళ్లడానికి రెండు వారాలుందన్నారు. ఒక సాయంత్రం డాబా మీదో మైదానంలోనో టెంట్ విప్పి, దీపం లేకుండా వేసి చూడండి. మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది మూడోసారికి పదికి వస్తుంది. మేకులు ఎన్ని తగ్గాయో, ఏ కడ్డీ లోపలి తాడు తెగిందో అక్కడే తెలుస్తుంది. ఒక ఆదివారం నిండు బ్యాగుతో, ఆ బూట్లే వేసుకుని రెండు గంటలు మెట్లున్న చోట నడవండి, ఎక్కడ ఒరుస్తుందో మొదటి గంటలోనే బయటపడుతుంది.

తిరిగొచ్చిన రోజు ఎంత అలసిపోయినా టెంట్‌ను చుట్టినది చుట్టినట్టే మూలన పడేయకండి. చెమ్మతో రెండు రోజులుంటే బూజు పడుతుంది, ఆ వాసన ఇక వదలదు, లోపలి పూత కొన్నాళ్లకు జిగురుగా మారి పొరలు పొరలుగా ఊడుతుంది. నీడలో, గాలి తగిలేచోట ఫ్లై, లోపలి గుడారం, పట్టా విడివిడిగా ఆరేయండి. నేరుగా ఎండలో రోజంతా ఉంచితే నైలాన్ బలం పోతుంది. కుట్ల దగ్గర, మడతల దగ్గర చేత్తో తడిమి చెమ్మ లేదనుకున్నాకే సంచిలో పెట్టండి. స్లీపింగ్ బ్యాగ్‌ను దాని చిన్న సంచిలో నొక్కి దాచొద్దు, నెలలు నలిగిన దూది మళ్లీ పొంగదు. పెద్ద వదులు గుడ్డసంచిలో వేసి బీరువా మీద పెట్టండి, లేదా కొక్కేనికి వేలాడదీయండి.